హనుమకొండలో ఒక న్యూరో క్లినిక్: మతిమరుపు ఉన్న మా బాపును తీసుకెళ్ళాక

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న మనిషిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం ఎంత కష్టమో ఇంట్లో అలాంటివాళ్ళు ఉన్నవాళ్ళకే తెలుసు. డాక్టర్ చదువు, స్కానింగ్ మిషన్లు, ఆస్పత్రి పేరు ఇవన్నీ తర్వాతి మాట. ముందు మనిషి గడప దాటి లోపలికి రావాలి, పిలిచేదాకా కూర్చోవాలి, బీపీ పట్టీ కట్టనివ్వాలి. ఈ క్లినిక్ గురించి నేను రాయాలనుకున్నది ముఖ్యంగా ఆ సంగతే. నక్కలగుట్ట వైపు ఉంటుంది. డాక్టర్ గారు ఒక్కరే చూస్తారు. జనం ఎక్కువైతే ఒక్కొక్కరికి ఇప్పుడిస్తున్న టైం ఇవ్వలేనని, పేరు బయట రాయొద్దని అడిగారు. ఆయన అన్నది న్యాయంగానే అనిపించింది, అందుకే పేరు రాయడం లేదు. అక్కడ ఏం చేస్తున్నారో తెలిస్తే మాత్రం మీరు చూపించుకునే చోట కూడా అడగొచ్చు.

మా బాపుకు ఎనభై దాటాయి. వరంగల్ ఆజంజాహీ మిల్లులో వీవింగ్ సెక్షన్‌లో పనిచేశాడు. మిల్లు మూతపడి ఏళ్ళు గడిచిపోయాయి, ఆయనకు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. పొద్దు వాలితే చాలు, "టైం అయితాంది బిడ్డా, పోవాలె" అని చెప్పుల కోసం వెతుకుతాడు. నేను కాశిబుగ్గలో ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. బాపును చూసుకునేది నేనే.

మొదట ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడ హాలు నిండా జనం, గోడమీద టీవీలో వార్తలు, మధ్యమధ్యలో మైకులో టోకెన్ నంబర్లు. నేల అద్దంలా మెరుస్తోంది. గుమ్మం దగ్గర నల్లటి పెద్ద మ్యాట్ వేసి ఉంది. బాపు దాని ముందు ఆగిపోయాడు. అడుగు వేయడు. "ఈడ బొంద ఉన్నది" అంటాడు. వెనక మనుషులు ఆగిపోతున్నారని సెక్యూరిటీ అబ్బాయి చెయ్యి పట్టి లాగాడు. అంతే, బాపు అరిచి గోల పెట్టేశాడు. ఇక బీపీ లేదు, ఏమీ లేదు. చాలాసేపటికి లోపలికి పిలిస్తే, డాక్టర్ కంప్యూటర్ చూస్తూ నన్నే అడిగాడు: "ఎప్పటినుంచి ఇలా? కొడతాడా? బట్టల్లో పోసుకుంటాడా?" బాపు పక్కనే కూర్చుని వింటున్నాడు. జ్ఞాపకం పోయిందేమో గానీ సిగ్గు పోలేదు ఆయనకు. తల దించుకున్నాడు. ఆయన ముందు నేనేం చెప్పను? ఏమీ లేదన్నాను. ఎంఆర్ఐ రాసి పంపేశారు.

నల్ల మ్యాట్ సంగతి తర్వాత ఈ క్లినిక్‌లో తెలిసింది. డిమెన్షియాలో కంటికి కనిపించినదాన్ని మెదడు సరిగ్గా పోల్చుకోలేదట. నల్లటి మ్యాట్ గుంటలా, మెరిసే నేల నీళ్ళలా కనిపించొచ్చు. బాపు మొండికేయలేదు, నిజంగా భయపడ్డాడు. ఇక్కడ గుమ్మం దగ్గర మ్యాటే లేదు. నేల మెరవని బూడిద రంగు టైల్స్.

అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినప్పుడే తేడా తెలిసింది. ఏం జబ్బని అడిగాక, "ఏ టైంల నెమ్మదిగ ఉంటడు అక్కా?" అంది రిసెప్షన్ అమ్మాయి. పొద్దున టిఫిన్ చేశాక అన్నాను. మొదటి నంబరే ఇచ్చింది. సాయంత్రం అయ్యేకొద్దీ ఇలాంటివాళ్ళలో చాలామందికి అలజడి పెరుగుతుంది, అందుకే సాయంత్రం ఓపీలో వీళ్ళను వీలైనంత వరకు పెట్టుకోరట. ఇంకో మాట కూడా చెప్పింది. "ఆయన ముంగట చెప్పలేనియి ఏమన్న ఉంటే కాయితం మీద రాసుకొని రా అక్కా, నాకియ్యి, సార్ ముందే చదువుతడు." ఆ రాత్రి కూర్చుని రెండు పేజీలు రాశాను. వంటింటి మూలలో మూత్రం పోయడం, తన పింఛను డబ్బులు నేనే దొంగిలించానని పక్కింటివాళ్ళకు చెప్పడం, నన్ను చూసి "నువ్వెవరు" అనడం అన్నీ. పెద్దాస్పత్రిలో నోరు పెగలనిదంతా ఆ కాగితం మీదకు వచ్చింది.

ఫైలు అట్ట మీద నీలం రంగు చుక్క స్టిక్కర్ ఒకటి అంటిస్తారు. అది ఉందంటే మతిమరుపు మనిషి అని కాంపౌండర్‌కూ, రక్తం తీసే అమ్మాయికీ, కింద మందుల షాపు అబ్బాయికీ తెలిసిపోతుంది. మనం ప్రతి చోటా మళ్ళీ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు. దూరం నుంచి పేరు పెట్టి కేకవేయరు. రిసెప్షన్ అమ్మాయి బల్ల వెనకనుంచి లేచి వచ్చి, బాపు పక్క కుర్చీలో కూర్చుని, మొహంలోకి చూస్తూ, "బాపూ, నమస్తే" అంది. ఆగింది. ఆయన చేతులు జోడించాక, "నేను ఈడ్నే పనిచేస్త. సార్ దగ్గరికి పోదామా?" అంది. మళ్ళీ ఆగింది. ఒకసారికి ఒకటే మాట, జవాబు వచ్చేదాకా ఓపిక.

బాపు అలవాటుగా లేచి, షిఫ్టుకు పోవాలన్నాడు. మిల్లెక్కడుంది తాతా, ఎప్పుడో మూతపడింది కదా అని చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. అలా చెప్పినప్పుడల్లా ఆయనకు అదొక కొత్త చావు వార్త. ఈ అమ్మాయి మాత్రం, "ఏ సెక్షన్ బాపూ మీది?" అని అడిగింది. "వీవింగ్." "ఎన్ని మగ్గాలు చూస్తుంటిరి?" బాపు కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. పోగు తెగితే చెయ్యి ఎలా పెట్టాలో గాల్లో చూపించాడు. ఆ మాటల్లోనే కాంపౌండర్ బీపీ చూసేశాడు.

డాక్టర్ గారు మా కాగితం చదివే ఉన్నారు. దాని ఊసెత్తలేదు. ముందు బాపుతో మాట్లాడారు, కుర్చీ ఆయన వైపు తిప్పుకుని. పరీక్ష తెలుగులోనే చేశారు. మామూలుగా వాడే 30 మార్కుల పరీక్షలో నూరులోంచి ఏడు తీసుకుంటూ పొమ్మంటారు, వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు. బాపు రెండో తరగతితో బడి మానేశాడు. బడికి వెళ్ళని మనిషికి అలాంటి పరీక్షలో జబ్బు లేకపోయినా మార్కులు తగ్గుతాయి, అందుకే చదువు రానివాళ్ళకు వేరే ప్రశ్నలు ఉంటాయని డాక్టర్ గారు చెప్పారు. ఇది ఏ కాలం, ఇప్పుడు పొద్దునా సాయంత్రమా, మూడు వస్తువుల పేర్లు చెప్తా కాసేపయ్యాక మళ్ళీ చెప్పు, ఇలా అడిగారు.

మధ్యలో బాపు ఉర్దూలోకి మారిపోయాడు. మిల్లులో పైవాళ్ళతో ఆయన మాట్లాడింది ఉర్దూయే. డాక్టర్ గారు ఆపలేదు, తనూ ఉర్దూలోనే జవాబిచ్చారు. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్ల మీద చేసిన పరిశోధన ఒకటి 2013లో అచ్చయిందట. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడిందని, చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించిందని చెప్పారు. బాపుకు అది పనిచేసిందా లేదా అని ఎవరూ చెప్పలేరు గానీ, మిల్లు ఉర్దూ గురించి ఒక డాక్టర్ ఇలా మాట్లాడటం నాకు చాలా సంతోషంగా అనిపించింది.

వైద్యం సంగతికి వస్తే, డిమెన్షియా అనేది ఒక్క జబ్బు పేరు కాదు, దాని వెనక చాలా కారణాలుంటాయి, నూటికి 60 నుంచి 70 మందిలో అల్జీమర్స్ ఉంటుంది. మందులు రాసే ముందు బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. వాటి లోపం వల్ల కూడా మతిమరుపు రావొచ్చు, అలాంటిది వైద్యంతో మెరుగుపడే అవకాశం ఉంటుంది. తర్వాత సంచీలో ఉన్న గోలీలన్నీ బల్ల మీద పోయమన్నారు. నిద్ర గోలీ ఒకటి, జలుబుకని మందుల షాపులో కొన్న గోలీ ఒకటి తీసి పక్కన పెట్టారు. ముసలివాళ్ళలో ఈ రెండు రకాలూ అయోమయాన్ని పెంచుతాయట. ఈసీజీ చూశాకే మతిమరుపుకు వాడే డోనెపెజిల్ గోలీ రాశారు, ఎందుకంటే అది గుండె వేగాన్ని తగ్గించగలదు. ఈ గోలీతో జబ్బు నయం కాదని, కొన్నాళ్ళపాటు లక్షణాలు కాస్త అదుపులో ఉండొచ్చని దాచకుండా చెప్పారు. నాకు బాగా గుర్తుండిపోయిన మాట ఇంకొకటి: ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ఉన్నట్టుండి బాగా తేడా చేస్తే జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు, వెంటనే ఫోన్ చేయండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. ఎండాకాలంలో మాకు అదే జరిగింది. ఫోన్ చేశాం, మూత్రం టెస్ట్ రాశారు, మందు పడ్డాక బాపు తేరుకున్నాడు.

అన్నిటికంటే నాకు విలువైనది బాపుకు బరువు చూడటానికని పక్క గదిలోకి తీసుకెళ్ళినప్పుడు జరిగింది. అప్పుడే డాక్టర్ గారు నా కాగితం తీశారు. దొంగతనం అంటగట్టడం జబ్బులో భాగమని, వాదించొద్దని, కలిసి వెతకమని చెప్పారు. తర్వాత, "నీకు నిద్ర ఉంటుందా అమ్మా?" అని అడిగారు. నా బీపీ చూశారు. ఎక్కువే ఉంది. బాపు ఫైలులోనే నా పేరు, నంబరు, నేను మంచాన పడితే ఎవరు చూస్తారు అన్నచోట తమ్ముడి నంబరు రాసుకున్నారు. నెలకు ఒక వారమైనా తమ్ముడు వచ్చి ఉండాలని ఆయనే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పారు. నేను చెప్తే వినని మాట డాక్టర్ చెప్తే విన్నాడు. ఇప్పుడు వస్తున్నాడు.

మతిమరుపు మనుషులనూ, వాళ్ళను చూసుకునేవాళ్ళనూ ఇలా పట్టించుకోవడం ఇంగ్లండ్‌లో కొత్త సంగతి కాదట. అక్కడ దాదాపు ప్రతి ఒక్కరికీ ఒక ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్ ఉంటుంది. డిమెన్షియా ఉన్నవాళ్ళకు ఆ క్లినిక్‌లు విడిగా రిజిస్టర్ పెట్టుకుని, ఏడాదికోసారి పిలిచి చూస్తే దానికి డబ్బు ఇవ్వడం 2006లోనే ప్రభుత్వం మొదలుపెట్టింది. చూసుకునేవాళ్ళ అవసరాలేమిటో లెక్క తీయాలని 2014 చట్టం స్థానిక కౌన్సిళ్ళకు చెప్పింది. మన కేరళలో కూడా ప్రభుత్వం ఓర్మత్తోణి పేరుతో డిమెన్షియా కోసం ఒక కార్యక్రమం నడుపుతోంది. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా, మొత్తం దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన అంచనా. అంటే మన వీధిలోనూ ఉన్నారు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద సర్కారు ఆస్పత్రికి ఉమ్మడి జిల్లా అంతా వస్తుంది, అక్కడ ఒక్కో మనిషికి అరగంట ఇమ్మని నేను అడగను. నీలం స్టిక్కర్, పొద్దున మొదటి నంబరు, ముందే తీసుకునే కాగితం, ఇవి ఎక్కడైనా పెట్టొచ్చు. వీటికి ఖర్చేముంది?

ఫీజు 500, పదిహేను రోజుల్లోపు మళ్ళీ వెళ్తే తీసుకోరు. ఇబ్బందులూ ఉన్నాయి, చెప్తాను. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, మెట్లకు ఒకవైపే కడ్డీ ఉంది. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకు నరకం. కాశిబుగ్గ నుంచి పోచమ్మ మైదాన్, ఎంజీఎం మీదుగా ఆటోలో వస్తే దిగేచోట నిలబడటానికి నీడ లేదు. మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు. ఆ సమయంలో మాట సాయం కావాలంటే పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన 14567 నంబరు ఉంది, మన మనసే బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416 ఉంది, రెండూ ఉచితమే.

అన్నిటికంటే ముందు మార్చాల్సింది టాయిలెట్. తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడ్. బాపుకు ఎక్కడ కూర్చోవాలో కనిపించదు. బట్టలు కుట్టేదాన్ని కాబట్టి నాకు ఇది వెంటనే తట్టింది. తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతో కుడితే మంచి కళ్ళకే కనపడదు. సీటు ఒక్కటి ముదురు రంగుది పెట్టించినా చాలు. తలుపుకు లోపల గడియ ఉంది, బయటనుంచి తీసే వీలు లేదు. పోయినసారి బాపు గడియ వేసుకుని, తీయడం తెలియక లోపలే ఉండిపోయాడు. రిసెప్షన్ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడుతూ, గడియ ఏ పక్కకు జరపాలో చెప్తూ తీయించింది. డాక్టర్ గారికి సీటు గురించి, గడియ గురించి రెండూ చెప్పాను. వడ్రంగిని పిలిపిస్తామన్నారు. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం, మార్చారో లేదో చూసి రాస్తాను.