పదా, పదమూడా? టీనేజ్ మొదలైందనడానికి ఏ లెక్క మేలు?

"మావాడికి పన్నెండున్నరే, ఇంకా టీనేజ్ రాలేదు" అని ఒకరంటారు. "మా పాపకి పదే, అప్పుడే టీనేజ్ వేషాలన్నీ మొదలయ్యాయి" అని ఇంకొకరంటారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు తప్పనుకుంటారు గానీ అసలు తేడా పిల్లల్లో లేదు, వాళ్లు పట్టుకున్న లెక్కల్లో ఉంది. ఒకరిది క్యాలెండర్ లెక్క, ఒకరిది ప్రవర్తన లెక్క. ఇవి కాక పదేళ్లకే మొదలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల లెక్క ఒకటి, డాక్టర్లు చూసే శరీరం లెక్క ఒకటి. నాలుగింటిలో ఏది మేలు అంటే నా ఓటు పదేళ్లకే, ఎందుకో చెబుతా.

ముందు పదమూడు సంగతి. ఇది అందరికీ తెలిసిన లెక్క, నాలుగింటిలో అన్నిటికన్నా బలహీనమైన లెక్క కూడా ఇదే. థర్టీన్ నుంచి నైన్‌టీన్ దాకా ఇంగ్లీషు అంకెల చివర ఒకే తోక ఉంది కాబట్టి ఆ ఏడేళ్లకీ ఆ పేరు పడింది, అంతే. పన్నెండేళ్ల 364వ రోజుకీ మర్నాటికీ మధ్య పిల్లాడి ఒంట్లో మారేది ఏమీ లేదు. కాకపోతే దీనికి ఒక గొప్ప సుగుణం ఉంది, వాదన ఉండదు. పుట్టిన తేదీ ఉంటే చాలు, ఎవరూ ఎవరినీ పరీక్షించక్కర్లేదు. చట్టాలకి కావలసింది సరిగ్గా ఇదే. అమెరికాలో 1998లో చేసి 2000 నుంచి అమలు చేసిన పిల్లల ఆన్‌లైన్ ప్రైవసీ చట్టం, పదమూడు నిండని పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. ఆ తలనొప్పి ఎందుకని చాలా యాప్‌లు పదమూడు లోపు వాళ్లకి అకౌంటే లేదన్నాయి, దాంతో ఈ అంకె ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు పదకొండేళ్ల పిల్ల అకౌంట్ తెరిచేటప్పుడు ఏం చేస్తుందో చూడండి: పుట్టిన సంవత్సరం అడిగే గడిలో వేలితో జాబితాని సర్రున కిందికి లాగి, ఎక్కడో తన పుట్టుకకి నాలుగైదేళ్లు ముందున్న అంకె దగ్గర ఆపి నొక్కేస్తుంది. రెండు సెకన్ల పని. టీనేజ్ వచ్చేసింది!

పోనీ చట్టాలైనా ఒక మాట మీద ఉన్నాయా అంటే అదీ లేదు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా నిబంధనలు ఈ గీతని పదహారు దగ్గర పెట్టి, కావాలంటే ఒక్కో దేశం పదమూడు దాకా దించుకోవచ్చంది. ఆస్ట్రేలియా 2024లో చేసిన చట్టంలో సోషల్ మీడియాకి పదహారు నిండాలంది. అంటే పదమూడు అనేది ఎదుగుదల గురించిన మాట కాదు, ఫారాలు నింపే పనికొచ్చే అంకె. ఆ పనికి బాగానే ఉంది, వాడుకోండి.

మనం టీనేజ్ అనేదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారం అంటుంది, వాళ్ల లెక్కలో అది 10 నుంచి 19 ఏళ్లు. మొదటిసారి విన్నవాళ్లకి పది అంటే మరీ చిన్నతనం అనిపిస్తుంది. కానీ ఈ గీత కాలంతో పాటు ఎలా జరుగుతూ వచ్చిందో చూస్తే అంత ఆశ్చర్యం ఉండదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జి. స్టాన్లీ హాల్ 1904లో కౌమారం మీద పెద్ద గ్రంథం రాసినప్పుడు ఆ దశని 14 నుంచి 24 అనుకున్నాడు. ఆ తర్వాత తిండి మెరుగుపడి, జబ్బులు తగ్గి, పిల్లల్లో శరీర మార్పులు తరం తరానికీ ముందుకు జరిగాయి. మొదలు పదికి వచ్చింది. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కుటుంబానికి చెందిన పిల్లల ఆరోగ్య పత్రికలో సుసాన్ సాయర్ బృందం ఇంకో అడుగు వేసి, దీన్ని 10 నుంచి 24 అనాలని వాదించింది: చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు అన్నీ ఆలస్యమవుతున్నాయి, మెదడు ఎదుగుదల కూడా ఇరవైల్లో సాగుతూనే ఉంటుంది కాబట్టి. చివర ఎక్కడ అనే దాని మీద ఎంత గొడవైనా పడొచ్చు. మొదలు పది అనే చోట మాత్రం ఇప్పుడు పెద్దగా పేచీ లేదు.

ఇక అసలు విషయం, శరీరం. నిజం చెప్పాలంటే, పదమూడుని పక్కన పెడితే మిగతా లెక్కలు దీనికి నకళ్లే. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి సంకేతం వెళ్లడంతో కథ మొదలవుతుంది, అది బయటికి కనపడదు. కనపడే తొలి గుర్తు ఆడపిల్లల్లో రొమ్ముల దగ్గర చిన్న గడ్డలా తగలడం, ఇది సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య వస్తుంది. మగపిల్లల్లో 9 నుంచి 14 మధ్య వృషణాలు పెరగడం తొలి గుర్తు. బ్రిటన్ డాక్టర్ జేమ్స్ టానర్ ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించి ఈ మార్పుల్ని ఐదు దశలుగా విడగొట్టాడు, ఇప్పటికీ పిల్లల డాక్టర్లు రికార్డుల్లో రాసేది ఆ దశలనే.

ఇక్కడే చాలామంది పెద్దవాళ్లు పప్పులో కాలేస్తారు. ఆడపిల్ల విషయంలో నెలసరి వచ్చిన రోజుని మొదలు అనుకుంటారు, మగపిల్లాడి విషయంలో గొంతు మారడాన్ని. రెండూ మొదలు కాదు, మధ్యలో ఘట్టాలు. తొలి గుర్తు కనిపించాక దాదాపు రెండేళ్లకి గానీ నెలసరి రాదు. అప్పటికే ఎత్తు పెరగడంలో పెద్ద దూకుడు అయిపోయి ఉంటుంది, ఆ తర్వాత సగటున ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు మాత్రమే పెరుగుతారు. మగపిల్లాడు క్లాసులో నిలబడి పాఠం చదువుతుంటే గొంతు మధ్యలో కీచుమని, వెనక బెంచీ నవ్వి, వాడు మిగతా పేరా గొణుగుతూ ముగించి కూర్చున్నాడంటే, వాడి ఒంట్లో సంగతులు మొదలై అప్పటికే ఏడాదో రెండేళ్లో అయిందన్నమాట. మనకి వినపడింది ఈరోజు. వాడికి తెలిసి ఎన్నాళ్లయిందో, ఎవరిని అడిగాడో, అసలు అడిగాడో లేదో!

అయితే శరీరం లెక్కే పెట్టుకోవచ్చుగా, పది ఎందుకు అని అడగొచ్చు. నిజానికి ఒక్కో పిల్లకీ పిల్లాడికీ విడిగా చూస్తే అదే సరైన లెక్క. చిక్కేమిటంటే అది గుంపుకి పనికిరాదు. ఒకే తరగతిలో పన్నెండేళ్ల పిల్లల్ని వరసగా నిలబెడితే ఒకమ్మాయి టీచరంత ఎత్తు ఉంటుంది, పక్కన కుర్రాడు ఆమె భుజం దాకా కూడా రాడు. ఇద్దరూ మామూలే. ఎత్తు దూకుడు ఆడపిల్లల్లో సుమారు 12 దగ్గర, మగపిల్లల్లో సుమారు 14 దగ్గర గరిష్ఠానికి చేరుతుంది కాబట్టి ఆ రెండేళ్లు క్లాసు ఫొటోలు అలాగే వస్తాయి. ఇలాంటి తరగతికి ఈ మార్పుల గురించి పాఠం ఎప్పుడు చెప్పాలి? ఒక్కొక్కరి ఒంట్లో గుర్తు చూసి చెప్పలేం, చూడడం మన పని కూడా కాదు. గుర్తు కనిపించాక చెబుదామంటే సగం మందికి ఆలస్యమైపోతుంది.

ప్రవర్తన లెక్క గురించి ఎక్కువ చెప్పను. గది తలుపు వేసుకున్నాడు, ఎదురు చెప్పింది, అద్దం ముందు అరగంట ఉంది, కాబట్టి టీనేజ్ అనడం మహా సులువు. ఎనిమిదేళ్ల వాళ్లూ తలుపులు వేసుకుంటారు, నలభై ఏళ్ల వాళ్లూ వేసుకుంటారు. ఈ లెక్కతో ఇంకో నష్టం ఉంది, పిల్లలు ఏ బాధతో విసుక్కున్నా "టీనేజ్ కదా" అని కొట్టిపారేస్తాం. స్కూల్లో ఎవరో ఏడిపిస్తున్నారన్న సంగతి ఆ మాట కింద పడి కనపడకుండా పోతుంది.

అందుకే అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నేను పదివైపే ఉంటాను. ముందే మొదలుపెట్టడం వల్ల పోయేది తక్కువ. పదేళ్లకే మాట్లాడితే, ఇంకా ఏ మార్పూ రాని పిల్ల "ఛీ, నాకెందుకివన్నీ" అని మొహం తిప్పుకుంటుంది, అంతకుమించి నష్టం లేదు. పదమూడు దాకా ఆగితే మాత్రం, పదకొండుకే నెలసరి వచ్చిన అమ్మాయి ఆ రక్తం చూసి ఏదో జబ్బనుకుని ఒంటరిగా టెన్షన్ పడి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేయలేం. "ముందే చెబితే పాడైపోతారు" అనే వాదన నాకు ఎప్పుడూ ఎక్కలేదు. మనం చెప్పకపోతే తెలియకుండా ఉండదు, ఫోన్‌లో తెలుస్తుంది, అదీ ఎవడో పోటుగాడి నోటి నుంచి.

అయితే పదిని మాట్లాడడానికి వాడాలి, బరువు పెట్టడానికి కాదు. పదేళ్లకే ఒళ్లు పెరిగిన అమ్మాయిని పెద్దమనిషిలా చూసి, "ఇంత ఉన్నావు, ఇంకా ఏడుస్తావేంటి" అనడం చాలాచోట్ల వింటాం. ఆ పిల్ల ఒంటికి పద్నాలుగు కనిపించొచ్చు, బుద్ధికి పదే. ఆలోచించి, ఆగి, నిర్ణయం తీసుకునే మెదడు ముందు భాగం ఒంటితో పాటు పరుగెత్తదు.

ఆలస్యంగా ఎదిగేవాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పది అనే లెక్క వాళ్లకే ఎక్కువ గుచ్చుకుంటుంది. పద్నాలుగుకి దగ్గరవుతున్న కుర్రాడు స్నేహితులందరికీ మీసం వస్తుంటే తనకేదో లోపం ఉందనుకుంటాడు. ఇళ్లలో అమ్మకో నాన్నకో కూడా ఇలాగే ఆలస్యంగా మొదలై ఉంటే అది చాలాసార్లు వారసత్వమే, ఆ మాట వాడికి చెబితే సగం దిగులు పోతుంది. ఆడపిల్లల్లో 13 నిండినా, మగపిల్లల్లో 14 నిండినా తొలి గుర్తు ఏదీ లేకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించాలి. అలాగే ఆడపిల్లల్లో 8 లోపు, మగపిల్లల్లో 9 లోపు మొదలైపోయినా చూపించాలి. అక్కడ ఎముకల వయసు, అంటే ఎముకలు ఎంతవరకు ఎదిగాయో తెలుసుకోవడానికి ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తారు, భయపడాల్సిందేమీ లేదు. ఆ గదిలోకి వెళ్లే ముందు ఎందుకు వెళ్తున్నామో పిల్లకో పిల్లాడికో చెప్పి మరీ తీసుకెళ్లండి.