మూడున్నరేళ్లు అంకీతో: సమాజం, మతం మీది ఇంగ్లీష్ పదాలు నాకెలా పట్టుబడ్డాయి

ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ పేరుకే ఇంగ్లీష్ మీడియం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు చదవాలని హైదరాబాద్ వచ్చినప్పుడు లెక్కలకు, రీజనింగ్‌కు నేను భయపడలేదు. భయమంతా ఇంగ్లీష్‌దే. మొదటి దశ టైర్ వన్‌లో 25 ప్రశ్నలకు 50 మార్కులు, తప్పు పెడితే అర మార్కు కోత. టైర్ టూలో 45 ప్రశ్నలకు 135 మార్కులు, అక్కడ తప్పుకు ఒక మార్కు పోతుంది. గ్రామర్ ఎలాగో దారికొచ్చింది. పదాల దగ్గరే ఆగిపోయాను. అందులోనూ మతానికి, సమాజానికి సంబంధించినవి: హెరెసీ, బ్లాస్ఫెమీ, అపాస్టసీ, ఆస్ట్రసైజ్, పరాయా. ఒక వాక్యమంత అర్థానికి ఒకే మాట చెప్పమనే వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్‌లో ఇవి పదే పదే వస్తాయి. నాలుగు ఆప్షన్లూ ఒకే ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి.

అంకీ యాప్ పెట్టుకుని మూడున్నరేళ్లు దాటింది. అంకీ అంటే జపనీస్‌లో కంఠస్థం చేయడం. 2006 నుంచి ఉంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితం, ఐఫోన్‌కు మాత్రం డబ్బు కట్టాలి. కార్డుకు ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. చూశాక ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి. గుర్తున్న కార్డు వారం తర్వాత, ఆ తర్వాత నెలకు, ఇంకా తర్వాత ఏడాదికి వస్తుంది. మర్చిపోయింది వెంటనే తిరిగొస్తుంది. ఇంతే దాని పని.

మొదటి ఆరు నెలలు వృథా చేసుకున్నాను. ఎవరో చేసి పెట్టిన ఐదు వేల పదాల డెక్, అంటే కార్డుల కట్ట, దించుకుని, రోజుకు 40 కొత్త కార్డులు పెట్టుకున్నాను. దసరాకు ఊరెళ్లి తొమ్మిది రోజులు బతుకమ్మలో ఉండి తిరిగొచ్చేసరికి 640 కార్డులు పేరుకుని ఉన్నాయి. ఆ డెక్‌లో ఇంగ్లీష్ పదానికి ఇంకో ఇంగ్లీష్ పదమే అర్థం. రెండూ రానివాళ్లకు అది ఎందుకు పనికొస్తుంది? మా కోచింగ్ సెంటర్ ఇచ్చిన పుస్తకమైతే ఇంకా ఘోరం. సెక్యులర్ పక్కన ‘నాస్తిక’ అని అచ్చు వేసింది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో చేరిన మాట అది. తెలుగులో లౌకిక అని చదువుకుంటాం. లౌకిక రాజ్యంలో భక్తుడూ ఉంటాడు, నాస్తికుడూ ఉంటాడు. ఆ పుస్తకాన్ని నమ్మి పరీక్ష రాసినవాళ్లు ఎంతమందో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ డెక్ తీసేశాను. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని రోజుకు ఆరు పదాల చొప్పున సొంతంగా కార్డులు రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు సమాజం, మతం డెక్‌లో 412 ఉన్నాయి. నాకు ఫలితం ఇచ్చింది యాప్ ఒక్కటే కాదు, ఈ రాయడం కూడా. ఒక్కో కార్డు వెనక ఒక తెలుగు మాట, మన దగ్గరి ఒక దృశ్యం, వీలైతే ఆ పదం పుట్టుక. అంతకు మించి ఏమీ పెట్టను.

ఉదాహరణకు ఒకేలా కనిపించే నాలుగు పదాలు. మతంలోనే ఉంటూ దాని సిద్ధాంతానికి విరుద్ధంగా నమ్మితే హెరెసీ. 1633లో గెలీలియో మీద మోపింది ఆ అనుమానమే. నోటితో దేవుణ్ణి తిడితే బ్లాస్ఫెమీ, దైవదూషణ. మతాన్నే వదిలేసి వెళ్లిపోతే అపాస్టసీ. పవిత్రమైన చోటునో వస్తువునో పాడుచేస్తే సాక్రిలేజ్. ఈ చివరిదాని లాటిన్ మూలానికి అర్థం పవిత్ర వస్తువుల దొంగతనం. అందుకే ఆ కార్డు మీద ‘గుడి హుండీ పగలగొట్టడం’ అని రాసుకున్నాను. నమ్మకం, మాట, వెళ్లిపోవడం, చేత. ఈ నాలుగు ముక్కలతో విడదీశాక ఆ ఆప్షన్లలో నేను మళ్లీ తడబడలేదు.

స్పెల్లింగ్‌కు ఇంకో కార్డు. సాక్రిలీజియస్ రాయమంటే అందరం దాని లోపల రిలిజియస్‌ను దూరుస్తాం. అది తప్పు. రిలిజియస్‌లో ఆర్ తర్వాత ‘ఈ’, ఎల్ తర్వాత ‘ఐ’. సాక్రిలీజియస్‌లో ఆర్ తర్వాత ‘ఐ’, ఎల్ తర్వాత ‘ఈ’. తారుమారు. ఎందుకంటే అది రిలిజియన్ నుంచి కాదు, సాక్రిలేజ్ నుంచి వచ్చింది. ఈ ఒక్క కార్డు మీద నేను ఐదుసార్లు ఎగైన్ నొక్కాను.

పుట్టుక తెలిస్తే నిలిచిపోయే పదాలు చాలా ఉన్నాయి. ఆస్ట్రసైజ్ ఏథెన్స్ మాట. ఎవరిని వెళ్లగొట్టాలో జనం కుండ పెంకుల మీద పేరు గీసేవాళ్లు, ఎక్కువ పెంకుల మీద పేరు పడినవాడు పదేళ్లు ఊరు వదలాలి. ఆ పెంకు పేరే ఆస్ట్రకాన్. మనకు ‘వెలి’ అన్న మాట ఉండనే ఉంది. నెపోటిజం పోప్‌లు తమ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల కొడుకులకు పదవులు కట్టబెట్టడం నుంచి వచ్చింది. ఎథీస్ట్‌కు విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం పెట్టుకున్నాను. దేవుడు ఉన్నాడో లేడో తెలుసుకోలేం అనేవారు అగ్నాస్టిక్. ఆ మాటను 1869లో ఇంగ్లీష్ శాస్త్రవేత్త హక్స్‌లీ తయారుచేశాడు. ఈ రెండింటినీ ఒకే కార్డులో పెట్టొద్దు, కలిసిపోతాయి. నాకు కలిసిపోయాయి.

సింక్రెటిజం నాకు అన్నిటికంటే తేలిగ్గా వచ్చింది. వేర్వేరు మతాల ఆచారాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. మా నల్లగొండ వైపు పీర్ల పండుగ చూసినవాళ్లకు డిక్షనరీ అక్కర్లేదు. పీరు ఎత్తేది ఒకరు, మొక్కు చెల్లించేది ఇంకొకరు, అలావ (నిప్పుల గుండం) చుట్టూ ఆడేది ఊరంతా. ముందు డప్పు కొట్టేది మా నాయన.

అదే డప్పు ఇంకో కార్డులోనూ ఉంది. పరాయా అంటే సంఘం వెలివేసిన మనిషి అని పుస్తకాల్లో ఒక్క ముక్కలో ఇస్తారు. దాని మూలం తమిళ ‘పఱైయర్’. పఱై అంటే డప్పులాంటి వాయిద్యం, దాన్ని తరతరాలుగా వాయించిన కులం పేరది. ఇంగ్లీష్ వాళ్లు ఆ పేరునే వెలికి అర్థంగా మార్చుకున్నారు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అరుగు మీద రివ్యూ చేసుకుంటుంటే నాయన పక్కన కూర్చుని, “గదేంది బిడ్డా చదువుతున్నవ్?” అన్నాడు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. “అయితే మనసొంటోళ్లే” అని లేచి డప్పును మంటకు కాపడానికి వెళ్లాడు. ఆ కార్డు మీద నేను ఎప్పుడూ ఎగైన్ నొక్కలేదు. ఆప్షన్లలో ఆ పదం కనిపిస్తే గుర్తుపడతాను, మార్కు తెచ్చుకుంటాను. నా ఉత్తరంలో, నా వ్యాసంలో మాత్రం రాయను. అవుట్‌కాస్ట్ అని రాస్తే అర్థం పోదు. అలాంటి పదాల మూలాన్ని కార్డు మీద తప్పకుండా రాసుకోమని మన పిల్లలకు నా మనవి.

యాప్ వాడకంలో రెండు జాగ్రత్తలు. అర్థం అస్సలు గుర్తురానప్పుడు హార్డ్ నొక్కకండి. హార్డ్ అంటే కష్టపడి గుర్తొచ్చిందని లెక్క. మర్చిపోతే ఎగైనే. నేను ఏడాదిపాటు మొహమాటానికి హార్డ్ నొక్కి, రాని పదాలను వారాల తరబడి దూరం పంపుకున్నాను. రెండోది, ఒకే కార్డు ఎనిమిదిసార్లు తప్పితే యాప్ దాన్ని లీచ్ అని పక్కన పెట్టేస్తుంది. అప్పుడు తిరిగి తెచ్చుకోవద్దు, ఆ కార్డునే మార్చి రాయాలి. సాంక్టిమోనియస్ నాకు అలా లీచ్ అయింది. ‘హిపోక్రిటికల్లీ పయస్’ అన్న ఇంగ్లీష్ అర్థం చెరిపేసి ‘దొంగ భక్తి’ అని రాశాను. అంతే, కుదిరింది. 2024లో, ఏ కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో తేల్చే ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్కింపు ఆన్ చేశాక రోజువారీ కార్డులు నాకు 110 నుంచి 70కి తగ్గాయి.

కార్డులు చేయలేని పని కూడా ఉంది. అర్థం నేర్పుతాయి కానీ వాడుక నేర్పవు. లోన్ సాంక్షన్ అయిందంటే అనుమతి, ఒక దేశం మీద సాంక్షన్లు అంటే శిక్ష. ఏది ఎక్కడో కార్డు చెప్పదు. పేరాలో ఖాళీలు నింపే క్లోజ్ టెస్ట్‌లో దెబ్బతినేది ఇక్కడే. దానికి రోజూ ఒక ఇంగ్లీష్ ఎడిటోరియల్ చదవక తప్పలేదు. డెక్‌లోని పదం పేపర్‌లో కనపడితే ఆ వాక్యం మొత్తం కార్డు వెనక దింపుకుంటాను.

మొదటి మాక్ టెస్ట్‌లో ఇంగ్లీష్‌కు 50కి 27.5 వచ్చింది. మొన్నటి దాంట్లో 45. పోయినవాటిలో పదాలవి లేవు, రెండూ వాక్యాల వరుస పేర్చే ప్రశ్నలే.

పరీక్షకు రెండు నెలలే ఉన్నవాళ్లు దీన్ని మొదలుపెట్టొద్దు. అప్పుడు పాత ప్రశ్నపత్రాల్లోని వన్ వర్డ్‌లు తీసి చేత్తో రాసుకోవడమే మేలు. ఏడాది ఉంటే మాత్రం ఈరోజే పెట్టుకోండి. రోజుకు ఆరు పదాలు, మీ మాటల్లో, మీ ఊరి బొమ్మలతో. పండక్కి ఊరెళ్లినా సరే, బస్సులో కూర్చుని ఆ రోజు కార్డులు ఆ రోజే చూసేయండి.