సెకండ్‌హ్యాండ్ ఫోర్క్‌లిఫ్ట్ కొనేవాళ్లకు హెచ్చరిక: బ్యాటరీని కాటా వేయించకుండా డబ్బు కట్టకండి

ఫీడ్ గోడౌన్లు, రైస్ మిల్లులు, టైల్స్ డిపోలు నడిపే అన్నదమ్ములందరికీ చెబుతున్నాను. పాత ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్ కొనే ఆలోచనలో ఉంటే, టోకెన్ ఇచ్చేముందు ఇది చివరిదాకా చదవండి. నాకు ఐదు లక్షల నలభై వేలు పోయాయి. డబ్బు సంగతి పక్కన పెట్టండి, మా డ్రైవర్ కుర్రాడి ప్రాణం మీదికి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

భీమవరం దగ్గర మాది రొయ్యల మేత గోడౌను. అన్నీ 25 కిలోల బస్తాలు. చెరువులు ఊపులో ఉన్న నెలల్లో లారీ వెనక లారీ దిగుతుంది. సరుకు దించే ముఠా వాళ్లు (హమాలీలు) దొరకరు, దొరికినా ఎండలో అంత సరుకు దించలేరు. మేతకు పొగ వాసన పడితే రైతు ఊరుకోడు, అందుకని డీజిల్ బండి వద్దనుకున్నాను. కొత్త ఎలక్ట్రిక్ బండి కొనే స్తోమత లేదు. పెద్ద గోడౌన్లు లిథియం బ్యాటరీ బళ్లకు మారుతున్నాయి కదా, వాళ్లు వదిలేసిన లెడ్ యాసిడ్ బళ్లు చవగ్గా దొరుకుతున్నాయని ఒక బ్రోకరు చెప్పాడు. హైదరాబాద్ శివార్లలో ఒక యార్డుకు తీసుకెళ్లాడు.

బండి తళతళలాడుతోంది. కొత్త పెయింటు, కొత్త సీటు. మీటరులో 3,860 గంటలు. ఎంత బరువు ఎత్తగలదో చెప్పే కంపెనీ ప్లేటు మీద రెండు టన్నులని ఉంది. యజమాని మర్యాదస్తుడిలాగే మాట్లాడాడు, టీ తెప్పించాడు, మల్టీమీటరు తెచ్చి బ్యాటరీకి పెట్టి చూపించాడు. 48.9 వోల్టులు. "చూశారా అన్నా, 48 బ్యాటరీ 48 దాటి చూపిస్తోంది" అన్నాడు. నేనూ తలూపాను. ఆ అంకెలోనే మోసం కనబడుతోందని అప్పుడు నాకు తెలియదు. యార్డులో ఖాళీ ఫోర్కులతో (సరుకు కిందికి దూరి ఎత్తే రెండు ఇనప కొమ్ములు) రెండు చుట్లు తిప్పి, ఫోర్కులు పైకెత్తి దించి, బాగుందనుకున్నాను. బరువు పెట్టి చూద్దామంటే ఆ రోజు యార్డులో పాలెట్లు (సరుకు పేర్చే బల్లలు) లేవన్నారు. బళ్లు అమ్మే యార్డులో ఒక్క పాలెట్ కూడా లేదంటే నేను అక్కడే వెనక్కి తిరిగి రావలసింది.

బిల్లు విషయంలో నా తప్పు కూడా ఉంది, దాచను. ఫోర్క్‌లిఫ్టులకు జీఎస్టీ 18 శాతం. "మొత్తానికి బిల్లు కొడితే మీకే భారం, రెండు లక్షలకు రాస్తాను" అన్నాడు, సరేనన్నాను. బిల్లులో "పాత ఫోర్క్‌లిఫ్ట్, 1 నంబరు, ఉన్నది ఉన్నట్టుగా" అని తప్ప మోడల్ లేదు, ఛాసిస్ నంబరు లేదు, ఎన్ని టన్నులో కూడా లేదు. మూడు నెలల గ్యారంటీ అన్నది నోటిమాటే.

బండి దిగిన నాలుగో రోజు జరిగింది. మా పాలెట్ మీద 60 బస్తాలు, అంటే 1,500 కిలోలు. రెండు టన్నుల బండికి అదెంత అనుకున్నాం. కుర్రాడు పాలెట్ ఎత్తి రెండో వరుస మీద పెట్టబోతున్నాడు. ఫోర్కులు మనిషి ఎత్తు దాటాయి, మాస్ట్ (ఫోర్కులు ఎక్కిదిగే నిలువు చట్రం) కాస్త ముందుకు వంచాడు. నేను పక్కనే నిలబడి బస్తాలు లెక్కపెట్టుకుంటున్నాను. "వెనక చక్రాలు లేస్తన్నాయండి బాబుగారూ!" అని కేక. వంగి చూస్తే వెనక టైరుకీ గచ్చుకీ మధ్య నా అరచెయ్యి దూరేంత సందు. ఫోర్క్‌లిఫ్టుకు తిరిగేవి వెనక చక్రాలే. అవి గాల్లో ఉంటే స్టీరింగు ఎటు తిప్పినా పని చెయ్యదు. కుర్రాడికి బుద్ధి ఉంది కాబట్టి బతికాడు. గబుక్కున బ్రేకు కొట్టలేదు, కిందికి దూకలేదు. సీటు గట్టిగా పట్టుకుని లీవరుతో ఫోర్కులు మెల్లమెల్లగా దించాడు. సరుకు కిందికి వచ్చేకొద్దీ బండి వెనక భాగం దిగి, ధబ్‌మని నేలకు కొట్టింది. పై నుంచి తొమ్మిది బస్తాలు జారి పడ్డాయి. అంతకు నిమిషం ముందు ఆ పక్కనే ముఠా కుర్రాడొకడు మంచినీళ్లు తాగుతూ నుంచున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. అప్పుడే ముఠా మేస్త్రి వచ్చి, "ఏం పర్లేదండి, ఇద్దరం వెనకెక్కి నుంచుంటాం, లెగదు" అన్నాడు. చాలా గోడౌన్లలో ఇలాగే చేస్తారు, నేనూ చూశాను. దయచేసి చెయ్యనివ్వకండి. బండి వెనక లేస్తోందంటే బరువు మించిందని అదే చెబుతోంది. మనుషుల్ని ఎక్కించి దాని నోరు మూయిస్తే, ఈసారి లేచినప్పుడు వాళ్లతో సహా లేస్తుంది. బండి నిజంగా ఒరిగిపోతుంటే డ్రైవరు దూకకూడదు. దూకినవాడి మీదే పైకప్పు చట్రం పడుతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగు పట్టుకుని, బండి పడే వైపుకు కాకుండా రెండో వైపుకు ఒరగాలి. మీ డ్రైవర్లకు ఇవాళే చెప్పండి.

మర్నాడు విజయవాడ ఆటోనగర్ నుంచి బళ్లు బాగుచేసే ఒక పెద్ద మేస్త్రీని పిలిపించాను. ఆయన బండి చుట్టూ తిరగలేదు, సీటు ఎత్తి నేరుగా బ్యాటరీ చూశాడు. ఫోర్క్‌లిఫ్టును తక్కెడ అనుకోండి అన్నాడు. ముందు చక్రాలు ముల్లు. ముందు పళ్లెంలో సరుకు, వెనక పళ్లెంలో బండి బరువు. డీజిల్ బండికి వెనక ఇనప దిమ్మ ఉంటుంది. ఎలక్ట్రిక్ బండికి ఆ దిమ్మ చిన్నది, మిగతా బరువంతా బ్యాటరీదే. అందుకే కంపెనీవాళ్లు ప్లేటు మీద బ్యాటరీ కనీసం ఇన్ని కిలోలు ఉండాలని ప్రత్యేకంగా చెక్కుతారు. మా ప్లేటు మీద సరిగ్గా ఆ గడినే గీకేసి పెయింటు వేశారు.

బ్యాటరీ పెట్టెలో రెండు పక్కలా చెక్కదిమ్మెలు దిగ్గొట్టి ఉన్నాయి. అసలు బ్యాటరీ తీసేసి, ఏదో చిన్న బండి బ్యాటరీ పెట్టి, ఖాళీ కనబడకుండా చెక్కలు పెట్టారన్నమాట. దాన్ని బయటికి తీయించి లారీ మీద వేసి కాటాకు పంపాం. 530 కిలోలు. బండి తయారుచేసిన కంపెనీ సర్వీసు సెంటరుకు ఛాసిస్ మీద కొట్టిన నంబరు పంపితే, ఆ మోడల్‌కు కనీసం 740 ఉండాలని చెప్పారు. వెనక పళ్లెంలో 210 కిలోలు లేవు.

అదే ఫోనులో ఇంకో పిడుగు పడింది. ఆ ఛాసిస్ నంబరు ఒకటిన్నర టన్ను బండిది. రెండు టన్నుల ప్లేటు వేరే బండిది, తెచ్చి దీనికి కొత్త రివెట్లతో బిగించారు. ఆ ఒకటిన్నర టన్ను కూడా ఎప్పుడంటే, సరుకు బరువు మధ్యభాగం ఫోర్కుల మొదలు నుంచి 500 మి.మీ. దూరంలో ఉన్నప్పుడు. మా పాలెట్లు 1,200 మి.మీ. పొడవు, పొడవు వెంబడే ఫోర్కులు దూర్చి ఎత్తుతాం, కాబట్టి ఆ మధ్యభాగం 600 మి.మీ. దగ్గరికి వెళుతుంది. దూరం పెరిగితే మోసే బరువు తగ్గాలి. చిన్న బండి, తేలిక బ్యాటరీ, పొడుగు పాలెట్, వీటికి తోడు మాస్ట్ ముందుకు వంచడం. అన్నీ ఒకేసారి కలిశాయి.

ఇక ఆ 48.9 సంగతి. లెడ్ యాసిడ్‌లో ఒక్కో సెల్లు రెండు వోల్టులు, 48కి 24 సెల్లులు. కానీ నిండా ఛార్జి ఎక్కి, కాసేపు ఖాళీగా ఉంచిన మంచి సెల్లు 2.13 దాకా చూపిస్తుంది. అంటే మొత్తం 51 వోల్టులు రావాలి. నిండు ఛార్జి మీద 48.9 వచ్చిందంటే 23 సెల్లులే పని చేస్తున్నాయని మేస్త్రీ నోటిలెక్క కట్టాడు. మూతలు లెక్కపెడితే 24 ఉన్నాయి. రబ్బరు షీటు ఎత్తి చూపించాడు: మూలన ఒక సెల్లును వదిలేసి, అటూ ఇటూ ఉన్నవాటిని నల్ల కేబుల్ ముక్కతో కలిపేశారు. చచ్చిన సెల్లు అలాగే కూర్చుని ఉంది, మూత కూడా శుభ్రంగా తుడిచారు. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు పెడితే నిండు ఛార్జి మీద 1.280 దగ్గర ఉండాల్సింది, నాలుగు సెల్లుల్లో 1.180 కూడా దాటలేదు. ఆరు గంటలు నడుస్తుందన్న బండి 50 నిమిషాలకే ఎందుకు పడుకుంటోందో అప్పుడు అర్థమైంది. పైన పటారం, లోన లొటారం.

ఫోర్కులు కూడా చూపిస్తానని మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ తీశాడు. ఫోర్కు నిలువు భాగం అరగదు, కాబట్టి అక్కడ కొలిస్తే అసలు మందం తెలుస్తుంది: 35 మి.మీ. నేలకు రాసుకునే వంపు దగ్గర 30.5. పదో వంతు అరిగితే ఫోర్కు మార్చేయాలన్నది లెక్క. ఎందుకంటే మందం పది శాతం తగ్గితే బలం దాదాపు ఇరవై శాతం తగ్గుతుంది. మాది పదమూడు శాతం అరిగింది. ఫోర్కులను పైకి లాగే చైను కూడా అంతే. మా చైను పిచ్ (ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం) 15.875 మి.మీ. ఇరవై పిచ్‌లు కొలిస్తే 317.5 ఉండాలి, మూడు శాతం సాగితే, అంటే 327 దాకా వస్తే తీసి పారెయ్యాలి. టేపు పెడితే 329. పెయింటు మాత్రం చైను లింకుల మీద కూడా కొట్టారు. చైనుకు నూనె పెడతారు గానీ పెయింటు వేస్తారా? పెయింటు వేసిన చైను ఎక్కడ కనబడినా అనుమానించండి.

గంటల మీటరు గురించి ఎక్కువ చెప్పను. మీటరు మార్చడం నిమిషాల పని. బ్రేకు పెడలు మీద రబ్బరు కొత్తది, అది పీకితే కింద ఇనుము కాలి ముద్ర పడేలా అరిగి ఉంది. 3,860 గంటలకు ఇనుము అలా అరగదు.

అమ్మినవాడికి ఫోను చేస్తే మొదటి రోజు "మనిషిని పంపుతా" అన్నాడు. రెండో రోజు "మీవాళ్లు ఓవర్‌లోడ్ చేశారు" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. బ్రోకరు తన కమీషను పుచ్చుకుని తప్పుకున్నాడు. వకీలు దగ్గరికి వెళితే, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కష్టమే అన్నాడు. 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాణ్ని వినియోగదారుడు అనరు. సొంతంగా పని చేసుకుని పొట్టపోసుకోవడానికి కొన్నదైతేనే మినహాయింపు. కూలీలను పెట్టి గోడౌను నడిపేవాడిగా నాకది వర్తించేలా లేదు. సివిల్ దావా వెయ్యొచ్చు, కానీ చేతిలో ఉన్నది రెండు లక్షల బిల్లు, అందులో ఛాసిస్ నంబరు లేదు. ఆ రోజు పన్ను మిగులుతుందని నేను తలూపినందుకు ఇవాళ నా దగ్గర ఆధారం లేదు. మీరు మాత్రం పూర్తి మొత్తానికి బిల్లు తీసుకోండి. ఛాసిస్ నంబరు, మోడలు, ఎన్ని టన్నులు, బ్యాటరీ నంబరు, బ్యాటరీ బరువు అన్నీ బిల్లులోనే రాయించుకోండి. రాయనంటే ఆ బండి వద్దు.

యార్డుకు వెళ్లేటప్పుడు మీ పాలెట్‌ను, మీ సరుకును వెంట తీసుకెళ్లండి. చిన్న ట్రాలీ బాడుగ ఏపాటి? మీరు ఎత్తే ఎత్తుకు, మీరు ఎత్తే బరువు, మీ డ్రైవరు చేత ఎత్తించండి. కానీ అంతకంటే ముందు, ప్లేటు మీద నంబరు, ఛాసిస్ మీద నంబరు ఒకటేనా అన్నది కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోను చేసి తేల్చుకున్నాకే బరువు పెట్టండి. రెండు గంటలు ఆపకుండా నడిపించి మళ్లీ వోల్టులు చూడండి. బ్యాటరీని కాటా వేయిద్దామని అడగండి. నిజాయితీగా అమ్మేవాడు విసుక్కుంటాడేమో గానీ కాదనడు. అలాంటివాళ్లూ ఉన్నారు. మా మేస్త్రీ చూపించిన ఒక యార్డు ఆయన తనే కాలిపర్ తెచ్చి ఇచ్చాడు, డబ్బు సర్దుబాటైతే అక్కడే కొంటాను. ఇవన్నీ మీకు రాకపోతే రోజు కూలి ఇచ్చి తెలిసిన మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. నేను ఆ రెండు వేలు మిగుల్చుకోబోయాను.

బండి ఇప్పుడు గోడౌను మూలన ఉంది, తాళం నా బీరువాలో. సరైన బ్యాటరీ, ఫోర్కులు, చైను వేయించాలంటే మూడు లక్షల పైమాటే అంటున్నారు. మొన్న ఇంకో బ్రోకరు వచ్చి చూసి, "మూడు లక్షలకు తీయించేస్తాను, ఆ రెండు టన్నుల ప్లేటు మాత్రం అలాగే ఉంచండి" అన్నాడు. ఆయన వెళ్లాక రివెట్లు కోయించి ప్లేటు తీసేశాను. మాస్ట్ మీద తెల్ల పెయింటుతో పెద్ద అక్షరాల్లో రాయించాను: ఒకటిన్నర టన్ను, బ్యాటరీ బరువు తక్కువ, ఎత్తకూడదు.