లింపెట్ ఎదుగుదల సెట్: గుల్లల కోసమైతే కొనండి

నేను డిగ్రీ విద్యార్థులకు జువాలజీ చెబుతాను. మొలస్కా (నత్తల్లాంటి మెత్తటి శరీరం గల జీవుల వర్గం) ప్రాక్టికల్స్ కోసం ఈ సెట్ తెప్పించాం. లింపెట్ అంటే సముద్రపు రాళ్లను అంటుకుని ఉండే, టోపీ ఆకారపు గుల్ల గల నత్త. ఒక ట్రేలో కామన్ లింపెట్, అంటే పటెల్లా వల్గేటా, అసలు గుల్లలు చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా ఉంటాయి. వాటితో పాటు విడదీసి చూపించే రెసిన్ మోడల్స్: లార్వా, పిల్ల, పెద్దది.

గుల్లలు చాలా బాగున్నాయి. తిరగేస్తే లోపల కండరం అంటుకున్న గుర్తు గుర్రపు నాడాలా, తల వైపు తెరుచుకుని స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త గుల్ల అంచు దగ్గరే చేరుతుంది కాబట్టి, జీవి ఎదిగేకొద్దీ ఈ గుర్తు కూడా బయటికి విస్తరిస్తూ పోతుంది. గుల్లలను వరసగా పేర్చగానే పిల్లలు ఆ సంగతి తామే పట్టేశారు. అలలు తక్కువగా చేరే పై రాళ్ల మీది గుల్లలు ఎత్తుగా, కింది రాళ్ల మీదివి చదునుగా ఉంటాయి కదా, ఆ రెండు రకాలనూ లేబుల్ వేసి మరీ ఇచ్చారు.

లార్వా మోడల్ కూడా నచ్చింది. చుట్ట తిరిగిన బుల్లి గుల్ల, పాదం మీద మూత, రెండూ ఉన్నాయి. రాతి మీద స్థిరపడ్డాక ఆ మూత పోతుంది, చుట్ట బదులు టోపీ ఆకారం వస్తుంది. అయితే ఎన్ని రెట్లు పెద్దదిగా చేశారో ఎక్కడా రాయలేదు. ఒక మిల్లీమీటరు కూడా లేని లార్వాను ఆరు సెంటీమీటర్ల దాకా పెరిగే జీవి పక్కన అదే సైజులో పెడితే పిల్లలు ఏమనుకోవాలి?

అసలు ఇబ్బంది పిల్ల, పెద్ద మోడల్స్‌తో. లోపలి భాగాలన్నీ ఒకే అచ్చు, సైజు మాత్రమే తేడా. ఇది తప్పు. పటెల్లాకు మామూలు నత్తల్లాంటి మొప్ప ఉండదు, ప్రావారం (గుల్ల కింద శరీరాన్ని కప్పే పొర) అంచు చుట్టూ చిన్న చిన్న రేకుల్లాంటి మొప్పలుంటాయి. శరీరం పెరిగినంత వేగంగా దాని ఉపరితలం పెరగదు, అందుకే ఎదిగేకొద్దీ ఆ రేకులు ఎక్కువవ్వాలి. మోడల్స్‌లో రెండింటికీ అన్నే రేకులు! బీజకోశం (అండాలు లేదా వీర్యకణాలు తయారయ్యే అవయవం) విషయం ఇంకా ఘోరం. పిల్ల లింపెట్‌కు నిండు అండాశయం పెట్టేశారు. నిజానికి ఇవి ఎక్కువగా ముందు మగవిగా పరిపక్వమై, కొన్నేళ్లకు ఆడవిగా మారతాయి. ఈ జీవి గురించి నేను క్లాసులో ఎంతో ఇష్టంగా చెప్పే విషయమే అది. దాన్ని చూపించడానికి ఈ సెట్‌లో చోటే లేదు.

రాడ్యులాను, అంటే ఆహారాన్ని గీకి తినే పళ్లున్న నాలుకలాంటి పట్టీని, మాత్రం శ్రద్ధగా చేశారు. బయటికి లాగితే గుల్ల కంటే పొడవుగా సాగుతుంది. ముందు పళ్లు అరిగిపోతుంటే వెనక నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయని చూపించడానికి రంగులు కూడా మార్చారు. ఆ పళ్లలో గోథైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుందని, వాటి బలం సాలీడు పట్టును మించిందని 2015లో తేలిందని చెప్పగానే క్లాసంతా దాని చుట్టూ మూగింది.

అమ్మినవాళ్లకు తప్పులన్నీ రాసి పంపాను. మర్యాదగా జవాబిచ్చారు, లేబుళ్లు మార్చి పంపారు, మోడల్స్ మాత్రం అవే. 5కి 3 ఇస్తున్నాను. గుల్లల ట్రే, రాడ్యులా విడిగా ఇస్తారేమో ముందే అడగండి. సెట్ మొత్తం కొనాల్సి వస్తే, పిల్ల లింపెట్ మోడల్‌లోని అండాశయం ముక్క తీసేసి క్లాసులో పెట్టండి, అది సులువుగానే ఊడుతుంది.