హార్లే బెల్టు తీసేసి చైను వేయిస్తే లాభమా?

హార్లే డేవిడ్‌సన్ బైకు కొన్నవాళ్లలో చాలామందికి వెనక చక్రం పక్కనున్న ఆ నల్ల పట్టీని, అంటే ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే బెల్టుని చూస్తే ఒకటే దిగులు: దారిలో తెగితే ఏంటి గతి? అందుకని చైను వేయించేద్దామా అని అడుగుతారు. భయం ఒక్కటే కారణమైతే వద్దంటాను. వేరే అవసరం ఉంటే మాత్రం చైనే మేలు.

ముందు ఆ భయం సంగతి. బెల్టంటే ఉత్త రబ్బరు కాదు, లోపల అరామిడ్ అనే చాలా గట్టి దారాలుంటాయి, కొత్తరకం వాటిలో కార్బన్ దారాలు. హార్లే దీన్ని 1980లో స్టర్జిస్ మోడల్‌తో పట్టాలెక్కించింది. 1991లో స్పోర్ట్‌స్టర్‌కి అయిదో గేరు వచ్చినప్పుడు కొన్ని మోడళ్లకు బెల్టు కూడా వచ్చింది. మన దగ్గర 2014 నుంచి అమ్మిన స్ట్రీట్ 750 కూడా బెల్టు బండే. 2023లో హీరోతో కలిసి తెచ్చిన ఎక్స్440కి మాత్రం చైను పెట్టారు.

రోజువారీ వాడకంలో బెల్టుతో చైను పోటీపడలేదు. బెల్టుకి నూనె అక్కర్లేదు, చప్పుడుండదు, చక్రం మీద జిడ్డు చిమ్మదు. చైనుకి అయిదారు వందల కిలోమీటర్లకోసారి స్ప్రే కొట్టాలి, వానలో తడిస్తే మళ్లీ కొట్టాలి. ఆదివారం పొద్దున చైను కడుక్కుంటూ కూర్చోవడం కొందరికి సరదా. నాకు కాదు.

బెల్టుకి అసలు శత్రువు రాయి. పుల్లీకీ (బెల్టు తిరిగే పళ్ల చక్రం) బెల్టుకీ మధ్య కంకర ఇరుక్కుంటే దారాలు తెగుతాయి. అలాగని చిల్లు కనబడగానే కంగారు పడక్కర్లేదు. చిల్లు మధ్యలో ఉంటే కనిపెట్టుకుంటూ నడపొచ్చు, అంచున ఉంటే మార్చాల్సిందే. బెల్టు పన్ను ఊడినా అంతే. అంచున కాస్త నూగులా దారాలు లేస్తే అప్పటికి ప్రమాదం లేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం, అక్కణ్ణుంచి వెనక్కి తారు రోడ్డు మీదే తిరిగే బండికి ఇదంతా పెద్ద బెంగ కాదు. క్రషర్ల దారిలో రోజూ తిరిగేవాళ్ల సంగతి వేరు.

బీఎండబ్ల్యూ ఏం చేసిందో చూడండి. ఒకే రకం ఇంజిన్‌తో రోడ్డు బండి ఎఫ్800ఎస్‌టీకి బెల్టు వేసింది, మట్టిదారుల బండి ఎఫ్800జీఎస్‌కి చైను వేసింది. కంకర ఒక్కటే కాదు కారణం. గోతుల్లో వెనక చక్రం ఎంత ఎక్కువ పైకీ కిందకీ ఆడితే ముందు పుల్లీకీ వెనక పుల్లీకీ దూరం అంత మారుతుంది. చైను కాస్త వదులు భరిస్తుంది. బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉండాలి, వదులైతే పుల్లీ పళ్ల మీంచి జారిపోతుంది.

బెల్టు నిజంగా ఏడిపించేది మార్చేటప్పుడే. చైనుని ఒక లింకు దగ్గర విప్పి తీయొచ్చు, సరైన పనిముట్టుంటే రోడ్డు పక్కనే అతకొచ్చు. బెల్టుకి అతుకుండదు. హార్లే బిగ్ ట్విన్‌లలో (పెద్ద రెండు సిలిండర్ల ఇంజిన్ బళ్లలో) ముందు పుల్లీ ప్రైమరీ (ఇంజిన్ నుంచి గేర్‌బాక్సుకి శక్తి పంపే భాగం) వెనక దాక్కుని ఉంటుంది. కాబట్టి ప్రైమరీ విప్పాలి, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ కూడా దించాలి. బెల్టు ధరకి ఈ కూలీ కలిపితే గుండె గుభేలుమంటుంది. మీ పాత బెల్టు, పుల్లీలు ఎటూ అయిపోయి, కొత్త సామాను కోసం నెలలు ఆగాల్సి వస్తుంటే అప్పుడు చైను గురించి ఆలోచించడం న్యాయం.

ఇంకో మంచి కారణం గేరింగ్, అంటే ముందూ వెనకా పళ్ల లెక్క. బెల్టు పొడవు మారదు కాబట్టి పుల్లీ మార్చి ఆడుకునే వీలు తక్కువ. చైనుకైతే ముందు స్ప్రాకెట్‌కి (చైను తిరిగే పళ్ల చక్రం) 21, వెనక దానికి 48 పళ్లుంటే నిష్పత్తి 2.29. ముందు 20 వేస్తే 2.40, పికప్ వెంటనే తెలుస్తుంది, హైవే మీద ఇంజిన్ కాస్త ఎక్కువ అరుస్తుంది. లావు వెనక టైరు వేయించుకునేవాళ్లకూ చైనే దారి. వెడల్పు తక్కువ కాబట్టి టైరుకి చోటిస్తుంది.

చైనే అనుకుంటే సైజు చూసి కొనండి. 530 అంటే లింకు నుంచి లింకుకి 5/8 అంగుళం, లోపలి వెడల్పు 3/8 అంగుళం. 520కి అదే దూరం, వెడల్పు పావు అంగుళం. ముందూ వెనకా స్ప్రాకెట్లు ఒకే గీతలో ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడాలి, లేకపోతే పళ్లు ఒక పక్కే అరిగిపోతాయి. బెల్టు మెత్తగా మింగేసే కుదుపు ఇప్పుడు గేర్‌బాక్సుకి చేరుతుంది కాబట్టి రబ్బరు కుషన్ ఉన్న వెనక స్ప్రాకెట్ దొరికితే దానికే డబ్బు పెట్టండి. మొదటి అయిదు వందల కిలోమీటర్లలో చైను సాగుతుంది, అప్పుడోసారి బిగువు సరిచూడాలి.

పని చేసే మెకానిక్‌కి ఒక్క మాట ముందే చెప్పండి: బిగ్ ట్విన్ ముందు పుల్లీ నట్టు ఎడమ మర, మామూలు నట్టులా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది.