ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన రాండాల్ఫ్ జీవితం

ఆదివారం షట్టర్లు మూసి ఉన్న దుకాణాల ముందు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ పొడవునా వెలిసే పాత పుస్తకాల బజారు హైదరాబాదు చదువరులకు కొత్తది కాదు. నేనిక్కడ రాస్తున్నది ఆ బజారంతటి గురించి కాదు. నీలం టార్పాలిన్ పరిచి కూర్చునే ఒక పెద్దాయన అంగడి గురించి, అక్కడ 150 రూపాయలకు కొన్న ఒక ఇంగ్లీషు జీవిత చరిత్ర గురించి. ముప్పై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి సికింద్రాబాదులో పదవీ విరమణ చేసినవాణ్ని కనుక, అట్ట మీద స్లీపర్ పెట్టె ముందు యూనిఫారంలో నిలబడిన నల్లజాతి పోర్టరు ఫోటో చూడగానే పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. అది అమెరికా కార్మిక నాయకుడు ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ కథ.

అమెరికాలో అంతర్యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే జార్జ్ పుల్‌మన్ కంపెనీ తన స్లీపర్ పెట్టెల్లో పని చేయడానికి బానిసత్వం నుంచి విముక్తి పొందిన నల్లవారిని పోర్టర్లుగా చేర్చుకోవడం మొదలుపెట్టింది. రాత్రి బెర్తులు దించి పక్కలు పరచడం, తెల్లవారేలోగా ప్రయాణికుల బూట్లు పాలిష్ చేయడం, ఎవరు ఏ వేళ పిలిచినా పలకడం వారి పని. పూర్తి జీతం రావాలంటే నెలకు 400 గంటలు పని చేయాలి, లేదా 11,000 మైళ్లు తిరగాలి. ఇల్లు గడవడానికి చాలామంది టిప్పుల మీదే ఆధారపడేవారు. వాళ్ల పేర్లు అడిగే ప్రయాణికులు తక్కువ. కంపెనీ యజమాని పేరుతో అందరినీ ‘జార్జ్’ అనే పిలిచేవారు. ఈ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఏసీ పెట్టెల్లో బెడ్‌రోల్ పంచే కాంట్రాక్టు కుర్రవాళ్లతో ఎన్నో రాత్రులు ఒకే తలుపు దగ్గర నిలబడి టీ తాగాను. వాళ్లలో ఎందరి పేర్లు నాకు తెలుసునని లెక్క పెట్టుకుంటే ఇద్దరికి మించి గుర్తుకు రాలేదు.

రాండాల్ఫ్ ఏనాడూ పోర్టరు కాదు. 1889లో ఫ్లోరిడాలో పుట్టి, 1911లో న్యూయార్క్‌లోని హార్లెం చేరి, మిత్రుడు చాండ్లర్ ఓవెన్‌తో కలిసి ‘ది మెసెంజర్’ పత్రిక నడిపిన సోషలిస్టు ఆయన. పోర్టర్లు తమ నాయకుడిగా ఆయన్నే ఎంచుకోవడానికి బలమైన కారణముంది: ఆయన కంపెనీ జీతగాడు కాదు కనుక ఉద్యోగంలోంచి తీసేస్తామని బెదిరించడానికి వీలు లేదు. 1925 ఆగస్టు 25న హార్లెంలో పోర్టర్ల యూనియన్ పుట్టింది. ఆయన భార్య లూసిల్ నడిపిన బ్యూటీ పార్లర్ సంపాదన ఆ ఇంటికి ఆధారమైంది. ఆమెకు ఈ పుస్తకంలో మరికొన్ని పేజీలు దక్కవలసింది.

ఇంటికొచ్చి చదువుతూ 1928 దగ్గరికి వచ్చేసరికి పదహారు పేజీలు లేవు. ఇది అంగడి లోపమే. అమ్మే ముందు పేజీలు సరిచూసి ఉండవలసింది. మరుసటి ఆదివారం తీసుకెళ్లి చూపించగానే పెద్దాయన వాదించకుండా, “డబ్బులు వాపసు ఇమ్మంటారా సార్, ఇంకో కాపీ చూడమంటారా?” అని అడిగారు. నేను రెండోదే అన్నాను. మూడు వారాల తర్వాత అట్ట ఊడిన మరో ప్రతి తెచ్చి, దానికి డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. ఆ పదహారు పేజీలు అందులోంచి విడదీసి, నా ప్రతిలో కలిపి బైండింగ్ చేయించుకున్నాను. అతికించిన చోట కాగితం రంగు కాస్త ముదురుగా కనబడుతుంది.

ఆ పేజీలు లేకుండా చదివి ఉంటే రాండాల్ఫ్ నాకు అర్థమయ్యేవాడు కాదు. 1928 జూన్‌లో సమ్మెకు అంతా సిద్ధమయ్యాక, కార్మిక సంఘాల సమాఖ్య అయిన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అధ్యక్షుడు విలియం గ్రీన్ సలహా మీద, కొద్ది గంటల ముందు ఆయన సమ్మె విరమించాడు. సభ్యులు చెదిరిపోయారు, పత్రిక మూతపడింది, ఆ తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో సభ్యత్వం వెయ్యికి లోపు పడిపోయింది. సమ్మె ఆపిన నాయకుణ్ని సభ్యులు ఎలా చూస్తారో యూనియన్‌లో తిరిగిన ప్రతివాడికీ తెలుసు. అయినా ఆయన కదల్లేదు. 1934లో రైల్వే కార్మిక చట్టాన్ని సవరించాక పోర్టర్లకూ ఆ చట్టం రక్షణ దక్కింది, పోర్టర్ల తరఫున మాట్లాడేది ఎవరో తేల్చే 1935 ఓటింగులో యూనియన్ గెలిచింది, సరిగ్గా పన్నెండేళ్లు నిండిన రోజున, 1937 ఆగస్టు 25న, పుల్‌మన్ కంపెనీ ఒప్పందం మీద సంతకం చేసింది. నెలకు 400 గంటల పని 240కి తగ్గింది. పెద్ద కంపెనీతో ఒప్పందం సాధించిన తొలి నల్లజాతి యూనియన్ అదే.

తర్వాతి ఘట్టాలు లోకానికి తెలిసినవే కనుక రచయిత వాటిని వేగంగా దాటించడం నాకు నచ్చింది. 1941లో వాషింగ్టన్‌కు లక్ష మందితో ప్రదర్శన తీస్తానని ఆయన పట్టుబట్టడంతో, రక్షణ పరిశ్రమల ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు జారీ చేశాడు. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగంతో చరిత్రకెక్కిన వాషింగ్టన్ ప్రదర్శనకు సారథి రాండాల్ఫే. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. అంతకు ముందు బస్సుల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడానికి వ్యతిరేకంగా సాగిన మాంట్‌గొమరీ నగర బస్సుల బహిష్కరణకు తొలి అడుగులు వేయించిన ఈ. డి. నిక్సన్ కూడా ఈ యూనియన్ పోర్టరే. రాండాల్ఫ్ 1979లో మరణించాడు.

అంగడి విషయానికొస్తే, ధర ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద పెన్సిలుతో రాసి ఉంటుంది. బేరం ఆడవలసిన పని పడదు. నిలబడి ఎంతసేపు చదివినా పెద్దాయన విసుక్కోరు. కార్మికోద్యమాల పుస్తకాలు వంటల పుస్తకాలతో కలిసిపోయి ఉంటాయి కనుక ఓపికగా వెతకాలి. వానపడితే ఆ వారం అంగడి ఉండదు. వెళ్లేవారు పొద్దున్నే వెళ్లాలి, కొనే ముందు పేజీల అంకెలు మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూసుకోవాలి.