దోసతోటలో బి.టి. పొడి: వాడి చూసిన మీదట

కందుకూరు దగ్గర మాకున్న అరెకరం దోసతోటలో ఆకుల పచ్చదనం పోయి ఈనెలు మాత్రమే మిగలడం మొదలైనప్పుడు, అది పెంకుపురుగు పనేననుకున్నాను. సన్నని దారంతో కుట్టినట్టు ముడుచుకున్న ఒక ఆకును విప్పి చూస్తే, వీపు పొడవునా రెండు తెల్లచారలున్న లేతాకుపచ్చ పురుగు మెలికలు తిరుగుతూ కింద పడింది. ముత్యంలా మెరిసే తెల్లని రెక్కలకు ముదురు గోధుమరంగు అంచు, తోక చివర కుచ్చు ఉండే రెక్కలపురుగు దీని తల్లి; శాస్త్రీయనామం డయఫానియా ఇండికా. ఆకుతో ఆగక ఇది పిందె తోలును కూడా గీకుతుంది. ఆ మచ్చపడిన కాయకు మార్కెట్టులో ధర పలకదు.

ఆ ఆకునే పట్టుకొని పురుగుమందుల కొట్టుకు వెళ్తే, యజమాని ముందుగా పండుఈగ బుట్టలు అంటగట్టాడు. వాటిలోని ఎర మగ పండుఈగలను రప్పిస్తుందే తప్ప ఈ రెక్కలపురుగును రప్పించదు. వారం తరువాత చూస్తే బుట్టల్లో ఈగలున్నాయి, రెక్కలపురుగు ఒక్కటీ లేదు. మళ్లీ వెళ్లి అడిగితే గాని బి.టి. పొడి బయటికి రాలేదు.

ఇందులోనిది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా. పురుగు దీనిని ఆకుతోపాటు తింటేనే, కడుపులోని క్షారగుణానికి అందులోని స్ఫటికం కరిగి, విషమై, పేగుగోడను దెబ్బతీస్తుంది. పురుగు కొన్ని గంటల్లో తిండి మానేసినా, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ ముక్క కొట్టులో ఎవరూ చెప్పకపోవడంతో, మర్నాడు పొద్దున బతికే ఉన్న పురుగులను చూసి, పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నాను. మూడోనాడు అవే ఆకులు విప్పితే పురుగులు నల్లబడి, మెత్తబడి వేలాడుతున్నాయి.

లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, ఎండకు దీని శక్తి త్వరగా తగ్గుతుంది కనుక పొద్దువాలాక, ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టాను. చిన్న పురుగులు బాగా తగ్గాయి. బాగా ఎదిగినవాటి మీద, కాయలోకి దూరినవాటి మీద ప్రభావం అంతంత మాత్రమే. దోసకు పిందె పట్టాలంటే తేనెటీగలు రావాలి గదా, మర్నాడు ఉదయం అవి ఎప్పటిలాగే పూల మీద వాలాయి. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

ప్యాకింగు మాత్రం బాగాలేదు. కొలత చెంచా లేదు, గడువు తేదీ మీద ధర చీటీ అంటించారు. రెండో ప్యాకెట్టు కొన్నప్పుడు, ఎండపడే అద్దాల అలమరలోనిది వద్దని చెప్పి, లోపలి గదిలోని పెట్టెలోంచి తెప్పించుకొన్నాను.